ఎవరి గుప్పెడు వాళ్ళకే

"కూర్చో" అనే మాటంటే గౌరికి పడదు. ముప్పై నాలుగేళ్ళ జీవితంలో ఆమె అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట అదే. ఆరో ఏట వచ్చిన జ్వరం పది రోజులు ఒంట్లో కాపురముండి, వెళ్ళిపోతూ రెండు కళ్ళలోని వెలుగునూ మూటగట్టుకుపోయింది. ఆ రోజు నుంచి మంచినీళ్ళపేటలో ప్రతి నోరూ ఆమెకు ఒకటే చెప్పేది. అమ్మ చేపల బుట్ట ఎత్తుకుంటూ చెప్పేది. పిన్ని నీళ్ళకు పోతూ చెప్పేది. పెళ్ళివాళ్ళయితే చేతిలో బూరె పెట్టి మరీ చెప్పేవారు. సముద్రం ఒక్కటే ఎప్పుడూ కూర్చోమనలేదు. రా, పో, రా, పో అని పగలూ రాత్రీ తనతో తనే వాదించుకునేది. ఊళ్ళో గౌరికి మొదట స్నేహం కుదిరింది దానితోనే.

కూర్చోబెట్టిన చోట చేతులు మాత్రం ఊరుకోలేదు. నాన్న రామూర్తి చిరిగిన వల బాగుచేస్తుంటే పక్కన చేరి, దారం మీద వేళ్ళు నడిపించి, ఏడాది తిరిగేసరికి తానూ ముడులు వేయడం నేర్చింది. దానితోపాటు ఇంకో విద్య కూడా అబ్బింది. ఏ ముడి ఎవరు వేసిందో వేలితో తడిమి చెప్పేది. పదేళ్ళప్పుడు ఒకసారి నిండు వల నడిసముద్రంలో తెగి, చేపలన్నీ పోయి, ఒడ్డున పెద్ద గొడవ జరిగింది. తప్పు ఎవరిదని మగవాళ్ళంతా అరుచుకుంటుంటే గౌరి మధ్యలో దూరి, తెగిన కొసను వేళ్ళ మధ్య దొర్లించి, "ఇది పెదనాన్న ముడి. ఏసినప్పుడు నిద్దరోతున్నాడు" అంది. పెదనాన్న నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. గౌరి మాత్రం ఆ నెలంతా రోజూ ఆయన గుమ్మం ముందు కూర్చుని ఆవలిస్తూనే ఉంది.

తర్వాత రోజులు మారాయి. తమ్ముడు సునీల్ అందరు కుర్రాళ్ళలాగే బోట్ల మీద పనికి గుజరాత్ వెళ్ళాడు. చిరిగిన వలలు బాగుచేసే ఓపిక ఎవరికీ లేకపోయింది. కొత్తవి కొనుక్కోవడమే సులువనుకున్నారు. గౌరి చేతులకు పని పోయింది. మళ్ళీ అరుగూ, మళ్ళీ ఆ మాటా మిగిలాయి. అందుకే టెక్కలిలో దివ్యాంగులకు ఉద్యోగ మేళా పెడుతున్నారని ఎవరో ఫోనులో చదివి వినిపిస్తే, మర్నాడు పొద్దున్నే తలకు నూనె రాసుకుని ఆటో ఎక్కింది.

మేళాలో బల్ల వెనక కూర్చున్న ఉద్యోగి పేరు భరద్వాజ్. కొత్తగా చేరినవాడు, ఇంకా నియమాలన్నీ నమ్మేవాడు. ఆయన ఆమెను "గౌరి గారూ" అని పిలిచాడు. పేరు వెనక గారు పడడం పుట్టాక అదే మొదలు కాబట్టి, పక్కన ఇంకో గౌరి ఉందేమోనని ఆమె కాస్త ఆగి చూసింది. ఎవరూ పలక్కపోయేసరికి తానే పలికింది. ఏ పని చేయగలరు అని ఆయన అడిగాడు.

"మీ కాడ ఉన్న పనులేటో సెప్పండి బాబూ. సేతకానిదొత్తే ఆపుతాను" అంది గౌరి.

ఆయన నాలుగో పని దగ్గరకు వచ్చేసరికి ఆమె ఆపడం లేదని గ్రహించి, మొదటిదే రాసుకున్నాడు. పలాసలో జీడిపప్పు ఒలిచే పని. ప్రభుత్వ శాఖకూ జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్ళకూ కొత్తగా ఒక ఒప్పందం కుదిరింది. శాఖ మనుషులను చూసి పంపుతుంది. ఫ్యాక్టరీ పని నేర్పుతుంది. మూడు నెలల తర్వాత రెండు వైపులవాళ్ళూ కలిసి చూస్తారు. అప్పటికి రోజుకు ఏడు కిలోలు ఒలిస్తే పని ఖాయం. లేకపోతే మంచినీళ్ళపేట, అరుగు.

ఫ్యాక్టరీ యజమాని కూర్మనాథం మంచివాడే. మంచితనం ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే ఆయన లోపం. గౌరి చేరిన రోజునే గేటు దగ్గర ఆమె ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టించి, దాని కింద కొత్త ప్లాస్టిక్ కుర్చీ వేయించి, ఆప్యాయంగా, "కూర్చో అమ్మా" అన్నాడు.

పదిహేను రోజులు ఆమె చేసిన పని అదే. వచ్చేవాళ్ళు ఆమె పక్కన నిలబడి ఫోటో దిగేవారు. లోపలి నుంచి పప్పు వేగిన వాసన, చాకుల చిన్న చిన్న చప్పుళ్ళు, నలభై మంది ఆడవాళ్ళ కబుర్లు గాలిలో తేలి వచ్చేవి. ఎండాకాలం చెరువు గట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళు తడపొద్దన్నట్టు ఉండేది గౌరికి. పదహారో రోజున ఆమె టిఫిన్ డబ్బాను కుర్చీలో కూర్చోబెట్టి, తన చున్నీ దాని మెడకు చుట్టి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. ఆ మధ్యాహ్నం ఏదో సంఘం వాళ్ళు వచ్చి, హడావిడిలో ఆ డబ్బా పక్కనే నిలబడి నాలుగు ఫోటోలు దిగి వెళ్ళారని వాచ్‌మన్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

లోపల ఒలుపు గదిలో ఆమె చేయి మొదట తగిలింది మోహిని భుజానికి. మోహినికి నలభై ఎనిమిదేళ్ళు. ఇరవై ఏళ్ళుగా అక్కడే పప్పు ఒలుస్తోంది.

"ఒలే, ఒక సాకియ్యవే. అక్కడ కూకుని కూకుని సేతి ఏళ్ళకి మొలకలెత్తీసేలాగున్నాయి" అంది గౌరి.

మేస్త్రి కామేశ్వరి ఒప్పుకోలేదు. నలభై మందితో పని చేయించే మనిషి కాబట్టి ఆమెకు ఒప్పుకోకపోవడం అలవాటు. వేలు తెగితే ఎవరు జవాబు చెప్పాలని అడిగింది. తెగిన వేలే చెప్తుందని గౌరి అంది. గది నవ్వింది. నవ్విన గదిని అదుపులో పెట్టడం కంటే ఒక చాకు ఇవ్వడమే సులువని కామేశ్వరికి తోచింది.

పెంకు తీసి బట్టీలో ఆరబెట్టిన పప్పు మీద ఎర్రటి పొర ఉంటుంది. తేనెటీగ రెక్క కంటే పలచన. వేడి చల్లారక ముందే దాన్ని చాకు కొసతో గిల్లి, బొటనవేలితో జార్చాలి. గట్టిగా పట్టుకుంటే గుండు, అంటే విరగని పప్పు, రెండు బద్దలవుతుంది. చాకు జారితే పప్పు మీద గీత పడుతుంది. గీత పడిన గుండుకు విలువ సగమే. గౌరి మొదటి వారం వేళ్ళకు నాలుగు గాట్లు పెట్టుకుంది. రెండో వారం ఒకటి. నెల గడిచేసరికి పొర దానంతట అదే విడిపోతున్నట్టు వచ్చేది, నిద్రపోతున్న పిల్ల మీంచి దుప్పటి లాగినట్టు.

అప్పుడు మొదలైంది వింత. తనకు తెలిసి ఆమె రోజుకు నాలుగు కిలోలు ఒలుస్తోంది. సాయంత్రం కాటా మీద మాత్రం ఏడు తూగేది. మర్నాడు ఎనిమిది. తర్వాత పది. భరద్వాజ్ టెక్కలి నుంచి ఫోను చేసి అభినందించాడు. పైఆఫీసుకు రాశానన్నాడు. పది దాటిన రోజున గౌరి తన బుట్టలోకి చేయి పెట్టి, ఒక్కో పప్పునూ నెమ్మదిగా తడమడం మొదలుపెట్టింది.

సగం పప్పు తనది కాదు. కొన్నింటి మీద వెన్ను పొడవునా సన్నటి గీత ఉంది. కొన్నింటికి గోరు దిగిన నెలవంక. కొన్ని కొస దగ్గర చిటికెడు పొర మిగుల్చుకుని, ముక్కుపుడక పెట్టుకున్నట్టున్నాయి. చేతికో అలవాటు, అలవాటుకో గుర్తు. సంగతి ఆమెకు అప్పుడు అర్థమైంది. పనిలోంచి లేచినప్పుడల్లా ఒక్కొక్క ఆడదీ ఆమె పక్కనుంచి వెళ్తూ, చప్పుడు కాకుండా, ఒలిచిన పప్పు ఒక గుప్పెడు ఆమె బుట్టలో వేసి, మనసులో ఏదో మొక్కుకుని పోతోంది. పాపం అని ఒకరు మొదలుపెట్టారు. పుణ్యం అని మిగతావాళ్ళు అందుకున్నారు. ఒకామె అయితే కొడుకు పరీక్ష పాసవ్వాలని రెండు గుప్పెళ్ళు వేస్తోంది.

గౌరి మూడు రోజులు తనది కాని పప్పును చేతి గుర్తులను బట్టి వేరుచేసింది. పాత పేపరు పొట్లాలు చుట్టి ఒళ్ళో దాచుకుంది. పక్కవాళ్ళు మాట్లాడుకుంటూ పప్పు రాల్చే చోట చేయి చాచి, ఏ గొంతు ఎలా ఒలుస్తుందో నేర్చుకుంది. నాలుగో రోజు టీ వేళకు లేచి, ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి ఎవరి పొట్లం వాళ్ళ ఒళ్ళో పెట్టింది. పదిహేడు పొట్లాలు. ఒక్కటీ తప్పలేదు. పరీక్ష పాసవ్వాల్సిన అబ్బాయి తల్లికి పెద్ద పొట్లం ముట్టింది.

"నా బుట్టేటి గుడి హుండీ అనుకున్నారేటి? నాలుగు కిలోలు నా సేత్తో ఒలిసినాను. అయ్యి నాకు సాలు" అంది.

గదిలో ఎవరూ టీ తాగలేదు. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే అందరికీ ఒక్కసారే ఇంకో సంగతి తట్టింది. ఈ పిల్లకు ఎవరి పప్పు ఎవరిదో తెలుసు.

ఆ సంగతి తట్టినవాళ్ళలో గుమ్మంలో నిలబడిన కామేశ్వరి కూడా ఉంది. ఏడాదిగా ఆమెకు నిద్ర లేదు. గీతలు పడిన గుండ్లు ఎక్కువ వస్తున్నాయని బయట కొనేవాళ్ళు గొణుగుతున్నారు. తూకం అయ్యాక అందరి పప్పూ ఒకే పెద్ద బుట్టలో కలుస్తుంది కాబట్టి ఎవరిదో పట్టడం కుదరలేదు. ఆమె గౌరిని పక్కకు పిలిచి, గీతల మనిషి పేరు చెబితే మూడు నెలల పరీక్ష సంగతి తాను చూసుకుంటానంది. ఆలోచించుకుని చెప్తానని గౌరి వచ్చేసింది.

మర్నాటి నుంచి గౌరికి మహర్దశ పట్టింది. బుట్టలో పప్పు పడడం ఆగింది కానీ ఒళ్ళో అరిసెలు పడడం మొదలైంది. ఒకరు మామిడికాయ ముక్క, ఒకరు జంతికలు, ఒకరు వేయించిన నెత్తళ్ళ చేపలు. తప్పు లేనివాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా తెచ్చారు. గౌరి ఎవరినీ చిన్నబుచ్చలేదు, అన్నీ తింది. తింటూ మధ్యలో ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు ఒక పప్పును పైకెత్తి వేళ్ళ మధ్య తిప్పేది. గది ఊపిరి బిగబట్టేది. ఆమె ఆ పప్పు నోట్లో వేసుకుని ఇంకో జంతిక అడిగేది.

ఏమీ తేనిది మోహిని ఒక్కతే. పప్పు వెన్ను మీద గీతలు మోహినివేనని గౌరికి పొట్లాలు కట్టేటప్పుడే తెలుసు. ఆ గీతలు ఎందుకు పడుతున్నాయో కూడా తెలిసింది. ఒకసారి ఏదో అందిస్తూ మోహిని చేయి గౌరి చేతికి అటు ఒకసారి, ఇటు ఒకసారి తగిలి, మూడోసారికి దొరికింది. దగ్గరిది కనబడని మనిషి చేయి అలాగే వెతుకుతుందని గౌరి కంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఇంటికి పోయే ఆటోలో పక్కన చేరి మెల్లగా అడిగితే మోహిని ఒప్పుకుంది. రెండేళ్ళుగా పప్పు పొగమంచులా కనిపిస్తోంది. కళ్ళద్దాలు పెట్టుకుంటే చూపు పోయిందని తెలిసిపోతుంది, తెలిస్తే మాన్పిస్తారని భయం.

"గుడ్డిదాన్ని తెచ్చి పని నేర్పుతున్న సోట, సగం కనిపించేదాన్ని పొమ్మంటారేటి?" అంది గౌరి.

"నీకంటే గౌర్నమెంటుంది. నాకెవురున్నారు?" అంది మోహిని.

గౌరి మనసులో లెక్క వేసుకుంది. పేరు చెబితే తన పని ఖాయం, మోహిని బయటకు. చెప్పకపోతే తన బుట్టలో ఎంత ఉంటే అంతే. ఆటో కొబ్బరి తోటల మధ్య నుంచి పోతుంటే ఆకుల నీడలు ముఖం మీద చల్లగా, వెచ్చగా, చల్లగా మారుతున్నాయి. దిగేముందు గౌరి మోహిని చెవిలో రెండు మాటలు చెప్పింది. ఆదివారం వెళ్ళి కళ్ళద్దాలు చేయించుకోమన్నది మొదటిది. అవి చేతికి వచ్చేదాకా కళ్ళు మూసుకుని ఒలవమన్నది రెండోది. మసక చూపు చేతికి అబద్ధాలు చెబుతుంది, దాన్ని నమ్మొద్దు అంది. మోహిని తిట్టింది. తిట్టి, మర్నాడు పక్కన కూర్చుని కళ్ళు మూసింది. వారం రోజులు గౌరి ఆమె బొటనవేలిని తన బొటనవేలితో నడిపించింది. చూసినవాళ్ళు కునుకు తీస్తోందనుకున్నారు. కునుకులోనే మోహిని చేతి గీతలు ఒక్కొక్కటీ మాయమయ్యాయి.

మూడు నెలలు నిండిన రోజున భరద్వాజ్ ఫైలు పట్టుకుని వచ్చాడు. కూర్మనాథం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాటా మీద గౌరి పప్పు ఆరు కిలోల దగ్గర ఆగింది. భరద్వాజ్ మళ్ళీ తూయించాడు. మళ్ళీ ఆరే. ఆయన ముఖం వాడిపోయింది.

"గౌరి గారూ, నెల క్రితం పది అని పైకి రాశాను. ఇప్పుడు ఆరు. ఏడు లేకపోతే నేను సంతకం పెట్టలేను" అన్నాడు.

"ఆ పది నావి కావు బాబూ. ఈ ఆరూ నావి" అంది గౌరి.

కామేశ్వరి ముందుకొచ్చి సంగతంతా యజమానికి విప్పి చెప్పింది. గీతల మనిషిని ఈ పిల్ల పట్టగలదని, అలా పట్టే మనిషి తమకు ఏడు కిలోల కంటే ఎక్కువని కూడా, నిజాయితీగానే చెప్పింది. కూర్మనాథం గౌరి వైపు తిరిగి పేరు అడిగాడు. నలభై చాకులు ఆగిపోయాయి. మోహిని శ్వాస ఎటువైపు ఉందో గౌరికి వినిపిస్తోంది.

"నాను నిజంగా పోల్చగలనో నేదో ముందు మీరు సూడాల గదా. మీ ముగ్గురూ తలో గుప్పెడు ఒలవండి. మాలో ఇద్దరు ఒలుత్తారు. ఏ పళ్ళెం ఎవురిదో నాకు సెప్పకండి" అంది గౌరి.

భరద్వాజ్‌కు అది న్యాయంగా తోచింది. ఆయనకు తోచింది కాబట్టి కూర్మనాథం కాదనలేకపోయాడు. ముప్పై ఏళ్ళు జీడిపప్పు అమ్మిన మనిషి జీవితంలో మొదటిసారి చాకు పట్టి, ఇస్త్రీ ప్యాంటుతో గోనెపట్టా మీద చతికిలబడ్డాడు. ఆడవాళ్ళు నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. భరద్వాజ్ ఒక్క పప్పును రెండు నిమిషాలు బతిమాలాడు. మేస్త్రి అయ్యాక ఎనిమిదేళ్ళుగా చాకు ముట్టని కామేశ్వరి, మునుపటి వేగం చూపించాలని తొందరపడింది. మోహిని, ఇంకొకామె మామూలుగా ఒలిచారు. మోహిని కళ్ళు మూసుకునే ఉంది. అయిదు పళ్ళాలూ తారుమారు చేసి గౌరి ముందు వరసగా పెట్టారు.

గౌరి మొదటి పళ్ళెంలో వేలు పెట్టింది. ఇందులో గుండు ఒక్కటీ లేదు, అన్నీ బద్దలూ ముక్కలే, ఇది యజమానిదని తేల్చింది. రెండోదానిలో పొర ఒలవకముందు ఎంత ఉందో ఒలిచాక కూడా అంతే ఉంది, ఆఫీసు పని ఇలాగే ఉంటుందని విన్నాను అంది. భరద్వాజ్ అందరికంటే ముందు నవ్వాడు. మూడోది కొస దగ్గర ముక్కుపుడకల మనిషిది. నాలుగోది తడిమి, మోహినిదని చెప్పి, పళ్ళెం కూర్మనాథం చేతికి అందించి గీత ఉంటే చూపించమంది. ఆయన వెలుతురు వైపు తిప్పి తిప్పి చూశాడు. లేదు.

అయిదో పళ్ళెం మీద ఆమె వేళ్ళు కాస్త ఎక్కువసేపు ఆగాయి.

"కామేశ్వరమ్మా, ఇయ్యి మీవి. పదకొండిటికి గీతలున్నాయి" అంది.

కామేశ్వరి తాను రోజూ ఒలవనని, ఏడాదిగా వస్తున్న గీతలు తనవి కావని గట్టిగా చెప్పింది. కావని గౌరి కూడా వెంటనే ఒప్పుకుంది. చెయ్యి తొందరపడితే, అలవాటు తప్పితే, కళ్ళు అలిసిపోతే ఎవరికైనా గీత పడుతుందని, నేర్పితే పోతుందని, పోయిందని కూడా అంది. పోయిందన్న మాట దగ్గర కామేశ్వరి ఉలిక్కిపడి, ఈ వారం పెద్ద బుట్టలో గీతలు నిజంగానే తగ్గాయని గుర్తు తెచ్చుకుంది. ఆమె చూపు వరస వెంట నడిచి, ఇంకా కళ్ళు మూసుకునే ఉన్న మోహిని దగ్గర ఆగింది. మోహిని పేరు ఎత్తకుండా తన పళ్ళెం తాను తీసుకుంది.

కూర్మనాథం మాత్రం అప్పటికే వ్యాపారిలా ఆలోచిస్తున్నాడు. పెద్ద బుట్టలో కలవక ముందే ప్రతి బుట్టా ఈ పిల్ల చేతి కిందుగా పోతే చాలు. ఆ పనికి ఆమెను ఖాయం చేస్తానని, సాయంత్రం కాగానే గీతలవాళ్ళ పేర్లు కామేశ్వరికి చెప్పాలని అన్నాడు.

"పేర్లు సెప్పను బాబూ. గీత పడ్డ పప్పు ఎవురిదో ఆల్ల ఒళ్ళోకే తిరిగెల్తాది. పక్కన కూకుని నేర్పుతాను. అలగైతే ఉంటాను. నేకపోతే ఆరు కిలోలని రాసుకుని నన్ను పంపీండి" అంది గౌరి.

భరద్వాజ్ ఫైలు తిరగేసి, ఒప్పందంలో ఒలిచేవాళ్ళకే ఏడు కిలోలని ఉందని, చూసేవాళ్ళకు తూకం సంగతి ఎక్కడా లేదని, అది తనకు ఇప్పుడే కనిపించిందని అన్నాడు. నియమాలను నమ్మే మనిషికి నియమంలో సందు దొరికితే ఎంత ఆనందమో ఆయన గొంతులో తెలిసింది. కూర్మనాథం కామేశ్వరి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన పెన్ను తీసి సంతకం పెడుతూ, తన పళ్ళెం వైపు జాలిగా చూసుకున్నాడు.

"మరి నా ముక్కలు కూడా నా ఒళ్ళోనే పోత్తావేటి?" అని అడిగాడు.

"మీయి ఇంటికి పట్టుకెల్లండి బాబూ. పాయసంలోకి బావుంటాయి" అంది గౌరి.

ఈసారి ఎవరూ కొంగులు అడ్డం పెట్టుకోలేదు. నవ్వు రేకుల కప్పుకు తగిలి, గది నిండా చినుకుల్లా రాలింది. బట్టీ నుంచి వేడి పప్పు తట్టలు వచ్చి దిగాయి. చల్లారిపోతాయని ఎవరో కేకేశారు. గౌరి ఒళ్ళు దులుపుకుని లేచి, చేయి చాచి గోడను అందుకుని, మొదటి తట్ట ఎటుందో అడుగుతూ నడిచింది.